కప్పులో లేని పచ్చ

తెల్ల కప్పులో గ్రీన్ టీ పోసి వెలుతురులోకి జరిపి చూస్తే కనిపించేది లేత పసుపు. సరుకు మంచిదైతే ఆ పసుపులో ఆకుపచ్చ జీర ఒకటి తోస్తుంది. పొట్లం పాతదైతే, లేదా ఆకును మరిగే నీళ్లలో వేసి మరిచిపోతే, తేనెరంగు కూడా దాటి గోధుమరంగులోకి దిగుతుంది. ఈ కప్పును మధ్యలో పెట్టి ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెడుతున్నాను. ఒకరు జీవితమంతా తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మామయ్య. మాట అబద్ధమాడకూడదన్నది ఆయన పట్టుదల. రెండోవారు ఆహార రసాయనశాస్త్రం చదివిన మేనకోడలు. పేరు అర్థం కావాలంటే ఆ పేరు పెట్టినవాడి చేతులు ఏం చేస్తున్నాయో చూడాలంటుంది. మనుషులిద్దరూ కల్పితులే. తగువు మాత్రం నిజమైనదే, ఎనభై ఏళ్లకు పైగా వృక్షశాస్త్రాన్ని తప్పుదారి పట్టించినదే. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను: అమ్మాయి వైపు. అయితే ఆమె చెప్పినదంతా చెప్పినట్టే ఒప్పుకోలేను.

మామయ్య: పేరన్నాక ఎదురుగా ఉన్నదాన్ని చెప్పాలి కదమ్మా. మిరియాల చారు అంటే నాలుక్కి మిరియం తగులుతుంది. పసుపు నీళ్లంటే అందులో పసుపుంటుంది. మరి ఈ కప్పులో పచ్చదనం ఎక్కడుందో నువ్వే చూపించు. ఈ టీల పేర్లన్నీ ఇదే తంతు. మనం బ్లాక్ టీ అనేదాన్ని చైనావాళ్లు 'హోంగ్ చా' అంటారు, అంటే ఎర్ర టీ. ఇంగ్లీషువాడు ఎండిన ఆకును చూసి నలుపన్నాడు, చైనావాడు గిన్నెలో నీళ్లను చూసి ఎరుపన్నాడు. ఒకే సరుకుకు రెండు రంగులు. గ్రీన్ టీ దగ్గరికొచ్చేసరికి మాత్రం చైనావాడు కూడా నీళ్లను వదిలేసి ఆకును పట్టుకుని 'లూ చా' అన్నాడు, పచ్చ టీ అని. కొలిచే బద్ద ఒకటైనా ఉండాలా వద్దా? పోనీ ఆకు పచ్చగా ఉంటుంది కాబట్టి అన్నారు అనుకుందామంటే, తోటలో పచ్చగా లేని తేయాకు ఏది? అస్సాంలో దుమ్ముటీ అయ్యే ఆకూ పచ్చనే. అందరికీ ఉన్న గుణాన్ని ఒకడికి బిరుదుగా ఇస్తే అది పేరెలా అవుతుంది? సరుకు అమ్ముకునేవాడు అంటించిన చీటీ అవుతుంది.

మేనకోడలు: మీ చివరి ప్రశ్నలోనే జవాబుంది మామయ్యా. పచ్చగా ఉండటం అందరి గుణమే, పచ్చగా మిగలడం మాత్రం ఒక్క దానికే దక్కింది. తేయాకు కోసిన క్షణం నుంచీ ఆ పచ్చదనం పోవడానికి సిద్ధంగా ఉంటుంది. కూరకు వంకాయలు తరిగేటప్పుడు ముక్కల్ని ఉప్పునీళ్లలో ఎందుకు వేస్తాం? బయట వదిలేస్తే నల్లబడతాయి కాబట్టి. వంకాయలో ఫినాలు జాతి పదార్థాలుంటాయి, పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. బతికున్న కణంలో రెండూ వేర్వేరు గదుల్లో ఉంటాయి. కత్తి పడగానే గోడలు కూలుతాయి, రెండూ కలుస్తాయి, పైనుంచి గాలి తగులుతుంది, రంగు తిరుగుతుంది. తేయాకులోనూ జరిగేది అచ్చంగా అదే. అక్కడి ఫినాళ్లను కాటెచిన్లంటారు, లేత చిగురు ఎండు బరువులో అవి నాలుగో వంతు దాకా ఉంటాయి. మీకు నచ్చే ముక్క ఒకటి చెప్పనా, ఆ కాటెచిన్ అన్న మాట తాంబూలంలో నోరు పండించే కాచు నుంచి వచ్చిందే. అస్సాం ఫ్యాక్టరీలో ఆకును వాడబెట్టి, పళ్ల రోలర్ల మధ్య చీల్చి నలిపి, గంటా గంటన్నర గాలికి ఆరబోస్తారు. కాటెచిన్లు థియాఫ్లావిన్లు, థియారూబిజిన్లు అనే ఎర్రటి, గోధుమరంగు పదార్థాలుగా మారిపోతాయి. మన డికాషన్ రంగు అదే. ఆ పనిని 'ఫెర్మెంటేషన్' అని పిలవడం మరో తప్పు. పిండి పులిసినట్టు అక్కడ సూక్ష్మజీవులు చేసేదేమీ లేదు, అది ఆక్సీకరణం. గ్రీన్ టీ చేసేవాడు ఈ కథను మొదటి పేజీలోనే ఆపేస్తాడు. కోసిన ఆకు చెడకముందే బాగా కాలిన ఇనప మూకుట్లో వేసి చేత్తో తిప్పుతాడు, జపానువాడైతే ఆవిరి పడతాడు. అక్కడి మామూలు గ్రీన్ టీ అయిన సెంచాకు 30, 40 సెకన్లు చాలు. ఆ వేడికి ఎంజైమ్ పనిచేయడం మానేస్తుంది, ఆపైన ఎంత నలిపినా ఆకు ఎర్రబడదు. చైనాలో ఈ పని పేరు 'షాచింగ్', పచ్చను చంపడం అని. పచ్చను నిలబెట్టే పనికి ఆ పేరేమిటని నవ్వుకోవచ్చు. వాళ్లు చంపేది ఆకులోని పచ్చిదనాన్ని, బతికున్న ఆ గుణాన్ని. రంగును కాదు. గ్రీన్ టీ అన్న పేరుకు నేను చెప్పుకునే అర్థం ఇంతే: మారకుండా ఆపిన టీ.

మామయ్య: వంకాయ బాగానే ఉంది. మరి గోంగూర మాటేమిటి? మూకుట్లో రెండు చుక్కల నూనె వేసి గోంగూర వేస్తే నాలుగు నిమిషాలు పట్టదు, పచ్చటి ఆకు బురదరంగుకు తిరిగిపోతుంది. అదే మూకుట్లో తోటకూర వేస్తే అంత తొందరగా తిరగదు. అంటే నిప్పు ఆకుపచ్చకు మిత్రుడు కాదు, శత్రువు. నువ్వేమో నిప్పుతోనే పచ్చను కాపాడారంటున్నావు. ఎండబెట్టిన గ్రీన్ టీ ఆకు చూడు, గరికలా ఉందా? ఆలివ్ రంగుకూ బూడిదరంగుకూ మధ్య ఎక్కడో ఉంటుంది. ఆపిన పచ్చ అది కూడా కాదు, సగం పోయిన పచ్చ. ఇక నీళ్లలోకైతే అదీ దిగలేదు.

మేనకోడలు: గోంగూర తెచ్చి నా పని తేలిక చేశారు. పత్రహరితం అణువు మధ్యలో ఒక మెగ్నీషియం ఉంటుంది, పచ్చరంగు నిలబడేది దాని మీదే. ఆకు వేడెక్కి కణాలు చితికితే లోపలి పులుపు బయటికొచ్చి ఆ మెగ్నీషియాన్ని తోసేసి దాని చోట హైడ్రోజన్‌ను కూర్చోబెడుతుంది. అప్పుడు పత్రహరితం కాస్తా ఫియోఫైటిన్ అవుతుంది, రంగు ఆలివ్‌కు తిరుగుతుంది. గోంగూరలో పులుపెక్కువ, అందుకే చూస్తుండగానే రంగు పోతుంది. తోటకూరలో పులుపు తక్కువ, కాసేపు ఓర్చుకుంటుంది. తేయాకు ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉంటుంది. కాబట్టి వేడి రెండు పనులు చేస్తుందని ఒప్పుకుంటాను. ఎంజైమ్‌ను చంపి ఆకును ఎర్రబడకుండా కాపాడుతుంది, అదే చేత్తో పత్రహరితాన్ని కొంత తినేస్తుంది. టీ చేసేవాడి నేర్పంతా మొదటిది పూర్తిగా జరిగి రెండోది తక్కువగా జరిగేలా చూసుకోవడంలోనే ఉంది. ఆవిరి తడిగా, వేగంగా ఆకంతా ఒకేసారి పట్టుకుంటుంది కాబట్టి సెంచా ముదురాకుపచ్చగా ఉంటుంది. హాంగ్‌చౌ దగ్గర లోంగ్‌జింగ్ ఆకును పొడి మూకుట్లో చేత్తో అదిమి అదిమి వేయిస్తారు, అందుకే అది కాస్త పసుపుకు తిరిగి ఉంటుంది. జపానులో కొన్ని తోటలకు కోతకు ముందు మూడు వారాలు నీడ కప్పుతారు. చాలని వెలుతురును ఏరుకోవడానికి ఆకు మరింత పత్రహరితాన్ని తయారు చేసుకుంటుంది, అలా నీడలో పెంచిన గ్యోకురో టీ అంత ముదురుగా ఉండేది అందుకే.

ఇక కప్పు సంగతి. అక్కడ మీరన్నది నిజం. పత్రహరితం నీళ్లలో కరగదు. నూనెలో కరుగుతుంది, స్పిరిట్‌లో కరుగుతుంది, నీళ్లలో మాత్రం కరగదు. కప్పులో మీకు కనబడే పసుపు వేరే పదార్థాలది: క్వెర్సిటిన్, కెంఫెరాల్ లాంటి ఫ్లేవనాళ్లు చక్కెర అణువులతో కలిసి నీళ్లలోకి దిగుతాయి, వాటి రంగు పసుపు. కాటెచిన్లకు సొంత రంగంటూ లేదు. కప్పు నిజంగా పచ్చగా కనబడాలంటే ఆకు తునకలే నీళ్లలో తేలాలి. ఎక్కువసేపు ఆవిరి పట్టిన సెంచా ఆకు చితికి నలకలు దిగుతాయి కాబట్టి కప్పు మసకగా, పచ్చగా ఉంటుంది. మాచా అయితే ఆకునే పిండిగా విసిరి నీళ్లలో గిలకొట్టడం. అది కరగలేదు, తేలుతోంది. కాసేపు కదపకుండా ఉంచితే అడుగున చేరుతుంది.

మామయ్య: నా అభియోగానికి నువ్వే సాక్ష్యం చెప్పావు. ఆకులో పచ్చది నీళ్లలోకి రాలేదు, నీళ్లలోకి వచ్చింది పచ్చది కాదు. అయినా అది చిన్న విషయమే అనుకుందాం. ఈ పేరు చేసిన చెరుపు అంతకంటే పెద్దది. 1753లో లిన్నేయస్ తేయాకుకు ఒకే మొక్కగా 'థియా సైనెన్సిస్' అని పేరు పెట్టాడు. 1762 నాటి రెండో ముద్రణకు వచ్చేసరికి దాన్ని రెండు మొక్కలు చేశాడు. పువ్వుకు ఆరు రేకులుంటే 'థియా బోహియా', అదే నల్ల టీ మొక్క. తొమ్మిది రేకులుంటే 'థియా విరిడిస్', గ్రీన్ టీ మొక్క. లాటిన్‌లో విరిడిస్ అంటే పచ్చనిది. సంతలో రెండు పొట్లాల మీద రెండు పేర్లున్నాయి కాబట్టి తోటలో రెండు మొక్కలుండాలని అంతటి పండితుడు రేకులు లెక్కపెట్టి నిర్ణయించాడు. రాబర్ట్ ఫార్చ్యూన్ అనే స్కాట్లండు తోటమాలి 1840లలో చైనా వెళ్లి, నల్ల టీ చేసే ఫూజియెన్ కొండల్లో కూడా ఆ 'విరిడిస్' మొక్కే పెరుగుతోందని చూసి 1847లో పుస్తకం రాసేదాకా ఐరోపా ఈ భ్రమలోనే ఉంది. అంతటితో ఆగిందా? గ్రీన్ టీ అన్నారు కాబట్టి పచ్చగానే ఉండాలని ఇంగ్లండు, అమెరికా కొనుగోలుదారు పట్టుబట్టాడు. అమ్మేవాడు ప్రష్యన్ బ్లూనూ జిప్సాన్నీ నూరి వేగుతున్న ఆకు మీద చల్లాడు. ఆ పనివాళ్ల చేతులు నీలంగా ఉండటం ఫార్చ్యూన్ కళ్లారా చూశాడు. అలా రంగద్దిన టీ వంద పౌన్లు తాగినవాడి పొట్టలోకి అర పౌనుకు పైగా రంగుపొడి పోతుందని లెక్క కూడా కట్టాడు. ఆకుకు పేరు పెట్టడం పోయి, పేరుకు తగ్గట్టు ఆకును మార్చారు. ఇంతకన్నా ఒక మాట మీద వేరే నేరం మోపాలా?

ఆయన వాదనలో ఇదే పదునైన చోటు, తేలిగ్గా తోసేయడానికి వీల్లేదు. రంగుపేరులో ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. మాట కంటికి ఒక హామీ ఇస్తుంది, హామీ నిలబెట్టుకోవడానికి వ్యాపారి ఎంతకైనా తెగిస్తాడు. మన దగ్గర పచ్చిబఠాణీలకు రంగు కలిపేవాడిదీ, పసుపుకొమ్ములకు రంగు పూసేవాడిదీ అదే తెలివి. కాకపోతే ఈ నేరంలో ముద్దాయి ఎవరన్నది మామయ్య సరిగ్గా తేల్చలేదనిపిస్తుంది.

మేనకోడలు: మోసపోయినవాళ్లెవరో చూడండి మామయ్యా. తోట చూడకుండా పొట్లం ఒక్కటే చూసినవాళ్లు. ఒకే పొద నుంచి రెండు రకాల టీ చేయొచ్చన్నది ఆ మూకుడు ముందు నిలబడ్డవాడికి ఫార్చ్యూన్ చెప్పాల్సిన సంగతి కాదు, అతని రోజువారీ పని. పేరును పనికి గుర్తుగా కాక వస్తువు గుణంగా చదువుకోవడమే లిన్నేయస్ పొరపాటు, లండన్ కొనుగోలుదారు పొరపాటూ అదే. ఇప్పుడు మీరూ అలాగే చదువుతున్నారు. చైనా టీ పండితుడు చెన్ చువాన్ 1979లో టీలన్నిటినీ ఆరు తరగతులు చేశాడు: పచ్చ, పసుపు, తెలుపు, నీలిపచ్చ, ఎరుపు, నలుపు. వినడానికి అన్నీ రంగులే, విభజన మాత్రం చేసే విధానాన్ని బట్టి. వాటిలో నీలిపచ్చ అంటే ఊలాంగ్ లెండి. ఇది మాటవరసకు చెప్పడం కాదని రుజువు కావాలంటే జెజియాంగ్ రాష్ట్రంలోని ఆన్‌జీ చూడండి. అక్కడ 'ఆన్‌జీ బై చా' అనే పేరున్న టీ ఉంది. బై చా అంటే తెల్ల టీ. వసంతంలో ఆ మొక్క చిగుళ్లలో పత్రహరితం సరిగా కుదురుకోదు, ఆకులు పాలిపోయినట్టు ఉంటాయి, అందుకని ఆ పేరు. కానీ కోసిన ఆకును వెంటనే వేడిచేసి ఆపుతారు. కాబట్టి పేరులో తెలుపున్నా, ఆకు పాలిపోయి ఉన్నా, తరగతి మాత్రం గ్రీన్ టీ. టీ చేసేవాడికి పచ్చ అంటే కంటికి కనబడే రంగొక్కటే అయితే ఈ ఆకు అందులో చేరేదే కాదు.

మామయ్య: చైనా సరే. జపాను సంగతి చూద్దాం. గ్రీన్ టీని గుండెకు హత్తుకున్న దేశం అది. మరి వాళ్ల భాషలో గోధుమరంగును ఏమంటారు? 'చాయిరో'. అంటే టీరంగు! పచ్చ టీ తాగే జాతి టీరంగు అంటే గోధుమరంగు అనుకుంటోంది. నోటి మాట అబద్ధం ఆడొచ్చు గానీ భాష ఆడదు. వాళ్ల కళ్లకు కనబడ్డ టీ గోధుమరంగులోనే ఉంది.

మేనకోడలు: ఉంది, ఆ రోజుల్లో. మాచా పెద్దింటివాళ్ల పానీయం. మామూలు జనం తాగింది ముదురాకుల్ని ఎండబెట్టి మరగకాచిన గోధుమరంగు కషాయం, బట్టలకు ఆ కషాయంతో పట్టించే రంగూ గోధుమే. ఉజి ప్రాంతంలో నాగతాని సోయెన్ లేత చిగుళ్లకు ఆవిరిపట్టి, వేడి పొయ్యి మీదే నలిపి ఆరబెట్టే పద్ధతిని కుదుర్చుకున్నది 1738లో. అప్పుడు గానీ ఆకు పచ్చగా, కప్పు తేటగా ఉండే సెంచా రాలేదు. ఆ పద్ధతికి 'ఆవోసెయి' అని పేరొచ్చింది, పచ్చగా చేసినది అని. 'చాయిరో' అంతకు ముందటి మాట, కాబట్టి ముందటి టీనే గుర్తుపెట్టుకుంది. మీ సాక్షి నా వైపు వచ్చేశాడు మామయ్యా. టీలో పచ్చదనం తనంతట ఉండేది కాదు, ఎవరో ఒకరు పనిగట్టుకుని సాధించాలి. సాధించిందాన్ని పోగొట్టుకోవడమూ తేలికే. కాశ్మీరులో నూన్ చాయ్ చేసేది గ్రీన్ టీ ఆకుతోనే. సోడా ఉప్పు వేసి గంటల తరబడి మరిగిస్తారు, మధ్యమధ్య గరిటతో ఎత్తి పోస్తూ గాలి తగలనిస్తారు. ఫ్యాక్టరీలో జరగకుండా ఆపిన ఆక్సీకరణం పొయ్యి మీద జరిగిపోతుంది. నీళ్లు ముదురెరుపు అవుతాయి, పాలు పోస్తే గులాబీరంగు. ఎంజైమ్ చచ్చినా కాటెచిన్లు బతికే ఉన్నాయనడానికి అంతకన్నా అందమైన సాక్ష్యం లేదు.

మామయ్య: సాక్షుల్ని లాక్కోవడం నీకు బాగానే వచ్చింది. ఒక్కచోట మాత్రం నిన్ను వదలను. 'పచ్చిదనాన్ని చంపడం' అన్నావు చూడు, అది సరైన మాట, కానీ నీ వాదాన్నే చంపే మాట. తెలుగులో పచ్చ వేరు, పచ్చి వేరు. పచ్చిమిరప, పచ్చిపాలు, పచ్చిపులుసు అన్నాం, అంటే నిప్పు తగలనిది. నీ గ్రీన్ టీ అన్నిటికన్నా ముందు నిప్పు చూసిన టీ. కోసిన రోజే మూకుడెక్కింది. అస్సాం ఆకేమో చీలి, నలిగి, రంగు తిరిగేదాకా పచ్చిగానే ఉంది, చివరికి ఎండబెట్టే వేడే దానికి మొదటి నిప్పు. అంటే పచ్చిగా ఉంచింది ఎర్రబడింది, వండింది పచ్చగా మిగిలింది. 'మారకుండా ఆపిన టీ' అని నువ్వు తేల్చేశావు, కానీ గ్రీన్ టీ మారకుండా లేదు, వేరే దారిలో మారింది. ఇంకో మాట. పచ్చ అని మనవాళ్లు ఒక్క ఆకురంగునే అనలేదు. ఆకుపచ్చా పచ్చే, పసుపుపచ్చా పచ్చే. చామంతి పచ్చన, మేలిమి బంగారం పచ్చన, పండుటాకు పచ్చన. విడిగా చెప్పాల్సి వచ్చినప్పుడే ముందు ఆకునో పసుపునో తగిలిస్తాం. కాబట్టి ఇంగ్లీషువాడి 'గ్రీన్' కప్పు దగ్గర అబద్ధమైతే అయింది గానీ, 'పచ్చ టీ' అని ఉంటే గిన్నెలో ఆకుకూ కప్పులో నీళ్లకూ కలిపి సరిపోయేది. ఈ మాట నీ రసాయనానికి తట్టలేదు, నిఘంటువుకు తట్టింది. మనవాళ్లేమో ఆ మాట వదిలేసి గ్రీన్ టీ అని అద్దెకు తెచ్చుకున్నారు.

ఈ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. మేనకోడలు మొదట్లో చెప్పిన 'ఆపడం' సగం నిజమే. ఎంజైమ్‌ను ఆపిన వేడే పత్రహరితాన్ని ఆలివ్ వైపు తోస్తుందని ఆమే ఒప్పుకుంది, వేగిన వాసనలూ ఆ వేడిలోనే పుడతాయి. కోసిన చిగురుకూ పొట్లంలో ఆకుకూ పోలిక చాలా తక్కువ. అయితే మామయ్య చెప్పిందాంట్లోనూ ఆయన ఊహించని ఫలితం ఒకటుంది. పచ్చదనం వండగా వచ్చిందైతే, అది ఆకు పుట్టుకతో తెచ్చుకున్న గుణం కాదు, చేసిన మనిషి పని. మేనకోడలు మొదటి నుంచీ అంటున్నది అదే. పేరులోని పచ్చ ఆ పని జరిగిన ఆకును చూపిస్తుంది, కప్పులోని రంగును చూపిస్తానని అది ఎప్పుడూ మాటివ్వలేదు. కొనుగోలుదారు అలా అనుకున్నచోటల్లా ప్రష్యన్ బ్లూ వచ్చి చేరింది.

మామయ్య: చివరి ప్రశ్న ఒకటే. ఆ పని ఆనవాలు కూడా చెరిగిపోతేనో? గ్రీన్ టీ ఆకునే మళ్లీ మూకుట్లో పోసి గోధుమరంగు వచ్చేదాకా వేయిస్తారట కదా జపానులో, 'హోజిచా' అని.

మేనకోడలు: వేయిస్తారు. ఆకు గోధుమరంగు, నీళ్లు ఎర్రమట్టిరంగు, వాసన వేయించిన ధాన్యంలా కమ్మగా ఉంటుంది. పచ్చ అన్నది కాగడా పెట్టి వెతికినా దొరకదు.

మామయ్య: దాన్ని ఏ తరగతిలో వేశారు?

మేనకోడలు: గ్రీన్ టీలోనే, మామయ్యా.